అర అంగుళం కోసం నాంపల్లి దాకా

మా ఊళ్లో ఎవరైనా హైదరాబాద్ వెళ్లొస్తే ముందు అడిగేది చార్మినార్ చూశావా అని. నేను చూడలేదు. మూడు రోజులు నాంపల్లిలోనూ ఆబిడ్స్‌లోనూ తిరిగాను, ట్యాంక్‌బండ్ కూడా చూడలేదు. ఎందుకంటే నా వెంట ఒక కుర్చీ ఉంది. కుర్చీ మోసుకు తిరిగే మనిషి ఊరిని చూడలేడు, ఊరే ఆ మనిషిని చూస్తుంది.

మాది రామచంద్రపురం. మా నాన్న అప్పారావు వడ్రంగి. నేను పదో తరగతితో చదువు ఆపేసి, నాన్న చేసే కుర్చీలకి కేను అల్లుతున్నాను. చెక్క పని ఆయనది, అల్లిక నాది. రంపం మాత్రం నా చేతికి ఇవ్వడు. "అల్లేవాళ్లకి వేళ్లు పదీ ఉండాలే" అంటాడు.

మా డాక్టరమ్మగారింట్లో భోజనాల బల్ల చుట్టూ ఎనిమిది కుర్చీలుండేవి. కాలవ పని చూసే ఇంగ్లీషు దొర ఊరొదిలి వెళ్లిపోతూ సామాను అమ్మేసినప్పుడు వాళ్ల తాతగారు కొన్నారట. ఒకదాన్ని చెదలు తినేశాయి. ఏడు మిగిలాయి. ఆ ఎనిమిదోది అచ్చంగా అలాగే చేసిపెట్టమని నాన్నకి చెప్పారు. ఇది కుదిరితే ఇంకో పెద్ద పని ఉంది. కాలవ గట్టు మీద పాడుబడ్డ దొర బంగళా డాక్టరమ్మగారు కొన్నారు. దాని తలుపులు, కిటికీలు, బల్లలు, కుర్చీలు అన్నీ పాత పద్ధతిలో బాగుచేయాలి. కుర్చీ కుదరకపోతే ఆ పని విశాఖపట్నం షోరూం వాళ్లకి పోతుంది.

నాన్న నెల రోజులు కష్టపడి చేశాడు. నేను అల్లాను. డాక్టరమ్మగారు కూర్చున్నారు, రెండు నిమిషాలు అటూ ఇటూ కదిలారు, లేచారు.

"బాగానే ఉందిగానీ అప్పారావూ, ఇందులో కూర్చుంటే ఎవరింటికో పేరంటానికి వచ్చినట్టుంది."

"ఏం తేడా అమ్మగారూ?"

"అదే తెలిస్తే నేనే వడ్రంగినయ్యేదాన్ని. నడుముకి తెలుస్తోంది, నోటికి రావట్లేదు."

నాన్న కుర్చీ ఇంటికి తెచ్చి మూడు రోజులు దాని ఎదురుగా కూర్చున్నాడు. నాలుగో రోజు అన్నాడు: "హైస్కూల్లో వాచ్‌మన్ పని ఉందంట. ఈ బంగళా పని రాకపోతే ఉలి అటక మీద పెట్టేస్తాను." మా అమ్మకి ఏడుపొచ్చింది. నాకు కోపం వచ్చింది. నాన్న ఇనప గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం నేను ఊహించుకోలేను.

అప్పుడు అమ్మ చెవిలో చెప్పింది. పెళ్లికి ముందు నాన్న మూడేళ్లు నాంపల్లిలో బాలకిషన్ ఉస్తాద్ అనే ఆయన దగ్గర ఈ ఇంగ్లీషు కుర్చీల పని నేర్చుకున్నాడట. ఏదో గొడవై వచ్చేశాడట. పెళ్లయిన కొత్తలో ఇదంతా చెప్పి, పాతికేళ్లుగా ఆ పేరు ఎత్తలేదట. "ఆయనకి ఒక్కసారి చూపించుకొచ్చెయ్యి. మా చెల్లెలు అక్కడే ఉంది కదా, నీకేం ఇబ్బంది?"

నాన్నకి చెప్తే, "ఎల్తే ఎల్లు. ఆడి పేరు నా ముందు ఎత్తకు" అన్నాడు. కానీ కుర్చీకి దుప్పటి చుట్టి, నులక తాడుతో కాళ్లన్నీ కట్టింది ఆయనే. చిన్నప్పుడు నాకు కూడా ఏ ప్రయాణానికీ అంత జాగ్రత్తగా స్వెట్టర్ తొడగలేదు. నాన్న పాత కుర్చీ నుంచి కొలతలు రాసుకున్న కాగితం అమ్మ నా సంచిలో పెట్టింది.

రైల్లో

జనరల్ పెట్టెలో కుర్చీతో ఎక్కితే తిడతారనుకున్నాను. తిట్టలేదు, వరసలో నిలబడ్డారు. నిలబడడానికే చోటులేని పెట్టెలో ఒక ఖాళీ కుర్చీ ఉంటే దాని గౌరవమే వేరు. ముందు ఒక మామ్మగారు "అమ్మాయ్, ఊరికే ఉంది కదా" అని దుప్పటి విప్పించి కూర్చున్నారు. తర్వాత ఆవిడే మేనేజరు. ఎవరు ఎంతసేపు కూర్చోవాలో ఆవిడ చెప్పేవారు. పిల్లాడినెత్తుకున్న ఒకావిడకి ఏలూరు దాకా, మోకాళ్ల నొప్పుల పెద్దాయనకి బెజవాడ దాకా.

నేను మాత్రం ప్రతి ఒక్కరినీ అడిగాను, ఎలా ఉందండీ అని. అందరూ బ్రహ్మాండం అన్నవాళ్లే. రైస్‌మిల్లు గుమస్తా ఒకాయన మాత్రం కాస్త ఆలోచించి, "కొత్త కుర్చీ కదమ్మా, కొత్త కోడలు లాంటిది. నాలుగు పండగలు పోతే సర్దుకుంటుంది" అన్నాడు. అది కోడలి గురించి చెప్పాడో కుర్చీ గురించి చెప్పాడో తెలియలేదు. పక్కనే వాళ్లావిడ ఉంది, ఆవిడ మొహం చూస్తే ఇంకా సర్దుకున్నట్టు లేదు.

నాంపల్లి స్టేషన్ ముందు

పొద్దున్నే దిగాను. శనివారం. పిన్ని ఇల్లు అక్కడికి దగ్గరే, మామూలుగా అయితే నడిచే వెళ్లేదాన్ని. కుర్చీ ఉంది కాబట్టి ఆటో అడిగాను.

"కూసో అక్కా. నీకు అరవై, కుర్చీకి నలభై."

"కుర్చీకి కూడానా? అదేం తింటుందన్నా?"

"అది తినది అక్కా, నేను తింట."

ఆటోలో కుర్చీ సీటు మీద దర్జాగా కూర్చుంది. నేను దాని కాళ్ల మధ్య కూర్చున్నాను. నలభై ఇచ్చినదానికి అరవై మర్యాద, అరవై ఇచ్చినదానికి నలభై మర్యాద.

పిన్ని గుమ్మంలో నన్ను చూసి ముందు సంతోషపడింది, తర్వాత కుర్చీని చూసింది. "ఏందే వేణీ, మా ఇంట్ల కూసోనీకి కుర్చీల్లేవనుకున్నవా?" మా పిన్ని పుట్టింది మండపేటలో. బాబాయిగారి తాతలు రాష్ట్రం ఒకటైనప్పుడు ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. ఇరవై ఏళ్ల కాపరంలో పిన్ని మాట పూర్తిగా ఇక్కడిదైపోయింది. కోపం వచ్చినప్పుడు మాత్రం గోదావరి బయటికొస్తుంది. బాబాయి ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చినరోజు ఆవిడ "ఆయ్, వచ్చారా" అంటుంది. అప్పుడు బాబాయి అన్నం తినేదాకా నోరెత్తడు.

పిన్ని నన్ను ఇరానీ హోటల్‌కి తీసుకెళ్లింది. టీ ఇరవై. మా ఊళ్లో అంతకి రెండొస్తాయి, కానీ ఈ టీ చిక్కదనం చూస్తే ఇది టీ కాదు, టిఫిన్. ఉస్మానియా బిస్కెట్టు ఇంకో వింత. మా దగ్గర బిస్కెట్టంటే తియ్యగా ఉంటుంది, లేదా ఉప్పగా ఉంటుంది. ఇది రెండూ. నేను ఆరు తిన్నాను, ఏదో ఒకటి తేల్చుకుందామని. తేలలేదు. ఇక్కడ ఒక్క టీ పెట్టుకుని గంటసేపు కూర్చుంటారు, ఎవరూ లేవమనరు. మా ఊరి హోటల్లో అలా కూర్చుంటే బల్ల తుడిచే గుడ్డ మన చేతుల కింద నుంచి కూడా వెళ్లిపోతుంది.

తర్వాత అమ్మ చెప్పిన గుర్తుల ప్రకారం స్టేషన్ వెనక సందులో ఉస్తాద్ దుకాణం వెతికాం. దుకాణం ఉంది. లోపల కుర్చీలు లేవు. గోడ నిండా సెల్‌ఫోన్ కవర్లు.

"బాలకిషన్ ఉస్తాదా?" అన్నాడు కవర్ల ఆయన. "దుకాణం నాకు కిరాయికిచ్చి ఆరేండ్లాయె. కిరాయి ఫోన్లనే పంపుత. ఇల్లు ఎరుకలేదు, ఫోన్ జేస్తే ఎత్తడు."

రాత్రంతా కుర్చీ మోసుకొచ్చి చివరికి ఫోన్ కవర్ కొనుక్కుని వెళ్లాలా?

"ఫికర్ చెయ్యకు అక్కా. రేపు ఐతారం గద. ఐతారమొస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కాడ దొరుకుతడు. ఎండగానీ వానగానీ." ఆగి నా వైపు చూశాడు. "మీరు ఆంధ్రోళ్లా?"

"ఆయ్."

"గట్లనే అనుకున్న."

ఆబిడ్స్, ఆదివారం

ఆదివారం ఆబిడ్స్‌లో చాలా దుకాణాలకి షట్టర్లు వేసి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు, కాలిబాట పొడుగునా పుస్తకాలు పరిచేస్తారు. మా సంతలో వంకాయలు గుట్టలు పోసినట్టే. ఇంజనీరింగ్ పుస్తకాల గుట్ట, వంటల గుట్ట, దేవుడి గుట్ట. ఏది తీసినా యాభై అని అరుస్తున్నారు. నేను మొదటిసారి మనుషులు పుస్తకాన్ని వాసన చూసి కొనడం చూశాను.

ఉస్తాద్ ఎలా ఉంటాడో నాకు తెలియదు. అమ్మ చెప్పిన గుర్తు ఒక్కటే, ఎడమ బొటనవేలికి గోరు ఉండదని. వెయ్యి మంది చేతులు చూడాలి. పిన్ని "నువ్వు ఈడనే ఉండు, నేను అటు దిక్కు చూసొస్త" అని వెళ్లింది. నేను ఒక షట్టర్ ముందు కుర్చీ దించి, దుప్పటి విప్పి, పక్కన నిలబడ్డాను. అదే పొరపాటు. ఆదివారం ఆబిడ్స్‌లో కాలిబాట మీద ఏది పెట్టినా అది అమ్మకానికే.

"ఎంతకిస్తవ్?"

"అమ్మేది కాదండీ."

"అందరు గట్లనే అంటరు. ఎనిమిదొందలు."

ఇంకొకాయన, మెడలో కెమెరా, వంగి కుర్చీని ముద్దుగా నిమిరాడు. "వాహ్. బ్రిటిష్ టైమ్‌ది కదా? ఎన్నేండ్లుంటయి?"

"పోయిన నెలదండీ."

"జోక్ చేయకు అక్కా, నాకు తెలుసు. గీ పాలిష్ వందేండ్లకు గాని రాదు." నాన్న ఆ పాలిష్ కోసం టీ డికాషన్ ఎన్నిసార్లు పూశాడో నేను లెక్కపెట్టాను, పదకొండు సార్లు. కెమెరా ఆయన మూడు వేలదాకా వెళ్లాడు. నేను వద్దంటున్నకొద్దీ అది నిజంగా పాతదనే నమ్మకం ఆయనకి పెరిగిపోయింది. చుట్టూ పదిమంది చేరారు. పక్కన పుస్తకాలాయన నన్ను కసిరాడు: "నా జాగల బేరమేంది? పుస్తకాలు కొనేటోళ్లంత నీ కుర్చీ చూస్తున్రు."

ఆ గుంపులోంచి తెల్లటి లాల్చీ వేసుకున్న ముసలాయన వచ్చాడు. చంకలో లావుపాటి పుస్తకం. ఎవరినీ ఏమీ అడగలేదు. కుర్చీని పట్టుకుని తలకిందులు చేసి, సీటు అడుగున అతుకులన్నీ చేత్తో తడిమాడు. ఒకచోట ఆగాడు.

"వెదురు మేకు. జర వాలుగ కొట్టిండు." ఆ మేకుని ఇంకోసారి తడిమి నా వైపు తిరిగాడు. "గిది అప్పారావు చెయ్యి. నువ్వెవరు బిడ్డా?"

ఎడమ బొటనవేలు చూశాను. గోరు లేదు.

"అప్పారావు కూతుర్నండీ, ఆయ్."

"మంచిగున్నడా? ఇంక అట్లనే మొండోడేనా?"

"రెండూనండీ."

కెమెరా ఆయన ఇంకా వదల్లేదు. "ఉస్తాద్, మీరే చెప్పున్రి, గిది యాంటిక్ కాదా?" ఉస్తాద్ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, "గిది కాదు, నేను" అన్నాడు.

పుస్తకంలో కుర్చీలు

పిన్ని తిరిగొచ్చాక ముగ్గురం ఒక బజ్జీల బండి పక్కన ఆగాం. మా వైపు మిర్చిబజ్జీలో వాము పెడతారు, ఇక్కడ చింతపండు, నువ్వుల ముద్ద పెట్టారు. కళ్లలో నీళ్లొచ్చినా చెయ్యి ఆగదు. నేను డాక్టరమ్మగారి సంగతి, వాచ్‌మన్ పని సంగతి అంతా చెప్పేశాను. ఉస్తాద్ వాచ్‌మన్ అన్న మాట దగ్గర బజ్జీ కింద పెట్టేశాడు. చంకలో పుస్తకం తెరిచాడు. అప్పుడే కొన్నాడట, ఇంగ్లండు కుర్చీల బొమ్మలు. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. బొమ్మలు చాలు.

ఇంగ్లండు కుర్చీల కథ నాకు అర్థమైనంతవరకు మన జాకెట్టు చేతుల కథే. మొదట్లో వాళ్లు ఓక్ అనే గట్టి చెక్కతో బండగా, నిటారుగా చేసేవాళ్లు. ఆ బొమ్మ చూస్తేనే నడుము నొప్పెడుతుంది. అందులో కూర్చోబెడితే దొంగ అడక్కుండానే ఒప్పుకుంటాడు. తర్వాత అక్రోటు చెక్క వచ్చింది, కాళ్లకి వంపులొచ్చాయి, మేక ముందరి కాలిలాగా. కాలి చివర గోళ్లు ఒక గుండుని పట్టుకుని ఉన్నాయి.

"ఇదేంటండీ, కోడి నిమ్మకాయ పట్టుకుందా?"

"నీ తల్లి! డ్రాగన్ బిడ్డా. చైనాల డ్రాగన్ ముత్యం పట్టుకుంటదట. ఓడల సామాన్ల మీద బొమ్మ పోయింది, ఇంగ్లండోడు చూసిండు, కుర్చీకి తొడిగిండు."

తర్వాత మహాగని చెక్క. అప్పుడు లండన్‌లో ఒక వడ్రంగి తను గీసిన కుర్చీల బొమ్మలన్నీ పుస్తకంగా అచ్చు వేయించాడట. ఇంక ఊరూరా వడ్రంగులు ఆ బొమ్మ చూసి చేసుకోవడమే. పల్లెటూరి వాడు చెక్కడం కష్టమైన చోట చెక్కడం మానేశాడు, మహాగని దొరకని చోట దొరికిన చెక్క వాడాడు. మా ఊరి టైలరు సినిమా హీరోయిన్ జాకెట్టు కుట్టినట్టు. తర్వాత వంపులకి మోజు తీరి కాళ్లు సన్నగా, నిటారుగా అయ్యాయి. ఆ తర్వాత మళ్లీ దిండ్లు, కుచ్చులు, పువ్వులు. పెళ్లిలో ఆడపడుచు లాగా, ఒంటిమీద ఎక్కడా ఖాళీ లేదు.

"మనదిక్కు వచ్చినంక దిండు నడువలే," అన్నాడు ఉస్తాద్. "చెమట, నల్లులు. తీసేసి కేను అల్లిచ్చిన్రు. కేను కూడ మొదలు తూర్పు దేశాలకెల్లే ఇంగ్లండుకు పోయిందంటరు."

అప్పుడు నా వేళ్లు చూసుకున్నాను. పదీ ఉన్నాయి. ఇంగ్లండు చరిత్రలో నాకూ కొంచెం పని ఉందని తెలిసి మిగిలిన బజ్జీ కూడా నేనే తినేశాను.

ఒక బంగళా ముందు

నాంపల్లికి నడుచుకుంటూ వెళ్తుంటే ఒక పాత బంగళా దగ్గర ఆగాం. కింద కళ్లద్దాల షాపు, పైన ట్యూషన్ సెంటరు. ముందు నాలుగు పెద్ద గుండ్రటి స్తంభాలు, వాటి మీద 'స్పోకెన్ ఇంగ్లీష్ ముప్పై రోజుల్లో' అని కాగితాలు. మా ఊళ్లో అంత స్తంభం ఉంటే కొబ్బరికాయ కొట్టేవాళ్లు.

ఉస్తాద్ స్తంభాన్ని వేలితో కొట్టాడు. "గిది రాయి అనుకుంటున్నవా? ఇట్క. మీద సున్నం రుద్దిన్రు, అద్దం లెక్క. ఇంగ్లండోడు గ్రీసు గుళ్లు చూసి నకలు కొట్టిండు. మన మేస్త్రీ ఇంగ్లండోని కాగితం చూసి నకలు కొట్టిండు. కోఠిల ఇంగ్లీషు దొర ఉన్న రెసిడెన్సీ చూడు, గదీ అసుంటిదే, మెట్ల పక్కన సింహాలతోని."

"అయితే అంతా కాపీయేనాండీ?"

"నకలు చేసుడు తప్పు గాదు బిడ్డా. నకలు చేస్త అని జెప్పి నడుమల సొంత తెలివి పెట్టుడు తప్పు." ఆ మాట స్తంభం గురించి అన్నట్టు లేదు.

పిన్ని మాత్రం ఆ పక్క షాపులో కళ్లద్దాల ఫ్రేము ధర అడుగుతోంది. చరిత్ర ఆవిడకి చీరల షాపు ఉంటేనే ఎక్కుతుంది.

ఉస్తాద్ ఇల్లు

ఇల్లు ఒక సందులో రెండు గదులు. ఉస్తాద్ మా అమ్మ ఇచ్చిన కాగితం తీసుకున్నాడు, మడత స్కేలు తీశాడు. నేను కాగితం చదువుతుంటే ఆయన కుర్చీ కొలుస్తున్నాడు. వీపు వెడల్పు, సరి. సీటు లోతు, సరి. అడ్డబద్దీలు, సరి.

"సీటు ఎత్తు, పద్దెనిమిది," అని చదివాను.

"పద్దెనిమిదిన్నర," అన్నాడు.

"కాదండీ, పద్దెనిమిది."

"కుర్చీని అడుగు."

నా టేపుతో కొలిచాను. పద్దెనిమిదిన్నర. నేల మీద పడుకుని కొలిచాను. పద్దెనిమిదిన్నర. మా నాన్న కొలత తప్పడం నేను పుట్టాక చూడలేదు. చూపు తగ్గిందా? చేతులు వణుకుతున్నాయా? మాతో చెప్పకుండా దాస్తున్నాడా? పిన్ని నా మొహం చూసి మంచినీళ్లు తెచ్చింది.

ఉస్తాద్ మాత్రం వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నాడు. "ధ్వజం, ధూమం, సింహం, శ్వానం..." ఒక్కసారిగా నవ్వు మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"నీ నాయన మారలే బిడ్డా! పాతికేండ్లైనా మారలే!"

చదివేవాళ్లకి ఆయం సంగతి చెప్పాలి. మా ఇళ్లలో గుమ్మం చేసినా, మంచం చేసినా కొలతని ఎనిమిదితో భాగిస్తారు. మిగిలిన అంకెకి ఒక్కొక్క పేరు. ఒకటి జెండా, రెండు పొగ, మూడు సింహం, నాలుగు కుక్క, ఐదు ఎద్దు, ఆరు గాడిద, ఏడు ఏనుగు, ఏమీ మిగలకపోతే కాకి. బేసి మంచిది, సరి చెడ్డది. చెడ్డది వస్తే కొంచెం పెంచి మంచిదాంట్లోకి తెస్తారు. మా నాన్న లెక్క అర అంగుళాల్లో. పద్దెనిమిది అంగుళాలంటే ముప్పై ఆరు అరలు. ఎనిమిది నాలుగులు తీసేస్తే నాలుగు మిగిలింది.

"కుక్క," అన్నాను నేను.

"ఔ. ఒక్క అర పెంచితే?"

"ఎద్దు."

ఇంగ్లండు దొర కుర్చీ మిగతా కొలతలన్నీ మంచివే, ఎత్తు మాత్రం కుక్క ఆయంలో ఉంది. మా నాన్న చెయ్యి దాన్ని ఊరుకోనివ్వలేదు. కాగితం మీద నిజం రాసుకున్నాడు, చెక్క మీద మంచి చేశాడు. కూరలో ఉప్పు చూసి వేసే మనిషి ఎంత వేశావంటే చెప్పలేడు కదా, ఆయనకి గుర్తు కూడా లేదు. మూడు రోజులు తన కుర్చీనే చూస్తూ కూర్చున్నా తేడా కనపడలేదంటే అందుకే. ఆయన కంటికి అదే సరైన కొలత. డాక్టరమ్మగారు పొట్టి మనిషి. ఇన్నేళ్లుగా నేలకి ఆనే మడమలు ఇప్పుడు అర అంగుళం గాల్లో ఉన్నాయి.

"గిందుకే లొల్లి అయింది," అన్నాడు ఉస్తాద్. "ఒక వకీలుకు చేతులున్న కుర్చీలు, పన్నెండు. నేను కాగితమిచ్చి ఊరికి పోయిన. వచ్చి చూస్తే పన్నెండిట్ల ఒక్కటి గూడ బల్ల కిందికి పోతలేదు. చేతులు తట్టుతున్నయ్. 'నీ ఆయం నీ ఊర్లనే పెట్టుకో' అన్న. సాయంత్రం రైలెక్కిండు." మడత స్కేలు మడిచి పక్కన పెట్టాడు. "జర మెల్లగ అనాల్సింది."

నేను నాన్నకి వీడియో కాల్ చేసి ఫోన్ ఉస్తాద్ చేతిలో పెట్టాను. ముందు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏం అప్పారావ్, బతికే ఉన్నవా?"

"నువ్వు పోయినట్టు కబురందలేదు, అందుకే ఆగాను."

"కుర్చీ మంచిగ జేసినవ్. ఎద్దును ఎందుకు కట్టినవ్ దానికి?"

నాన్న గది బయటికి వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. ఆయనకి అప్పుడే తెలిసింది. తెలిసినా ఒప్పుకోవాలి కదా.

"కుక్క ఆయంలో కుర్చీ ఎవరికైనా చేసిస్తామా? ఇంగ్లీషోళ్లు కుక్కల్ని ఒళ్లో పెట్టుకుంటారు, ఆళ్లకి చెల్లుద్ది. డాక్టరమ్మగారికేం ఖర్మ?"

"నాన్నా," అన్నాను నేను, "డాక్టరమ్మగారు చిన్నప్పట్నుంచీ ఆ కుక్క ఆయంలోనే కూర్చున్నారు. ఏమయ్యారు? డాక్టరయ్యారు. నేను ఏ ఆయంలో కూర్చుని పదో తరగతి దగ్గర ఆగాను?"

పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. ఉస్తాద్ గోడ వైపు తిరిగాడు.

"ఏమైనా సరే," అన్నాడు నాన్న, గొంతు తగ్గించి. "దాన్ని నా చేత్తో కొయ్యను. చెయ్యి రాదే అమ్మా."

"నీ చేత్తో ఎవరు కొయ్యమన్నారు? నా చేత్తో కోస్తాను."

ఫోన్‌లో మా పెరట్లో కాకులు వినిపించాయి, ఎవరో బోరింగ్ కొట్టడం వినిపించింది. ఫోన్ కట్ అయిందేమో అని చూశాను. కట్ అవ్వలేదు. నాన్న చెయ్యి ముక్కు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"గీత మీద కొయ్యకు," అన్నాడు చివరికి. "గీతకి కింద కొయ్యి. కోసినాక గీత కనపడాలి. నీ ఊపిరి బిగపట్టకు, రంపం వణుకుద్ది. ఉస్తాద్‌ని కాలు పట్టుకోమను."

"నేను కాళ్లు పట్టుకోవాల్నా?" అన్నాడు ఉస్తాద్. "కుర్చీయే గద. పట్టుకుంట తియ్."

ఉస్తాద్ నాలుగు కాళ్లకీ గీతలు గీసి తన రంపం నా చేతికిచ్చాడు. మొదటి కాలు కోస్తుంటే నాకు చెమటలు. రెండోది బాగా వచ్చింది. మూడోది నాకే ముచ్చటేసింది. ఆ గర్వంతో నాలుగోది కొంచెం వాలింది. కుర్చీ నిలబెడితే టక్కు టక్కుమంది. ఉస్తాద్ ఇంటి నేల కూడా సమంగా లేదు, తప్పు నాదో నేలదో తెలియదు. ఆయన లోపలికెళ్లి క్యారమ్ బోర్డు తెచ్చాడు. "గీ ఇంట్ల సమమున్నది గిదొక్కటే. రోజు రాత్రి పౌడర్ ఏస్త." కుర్చీని క్యారమ్ బోర్డు మీద నిలబెట్టి, ఏ కాలు కింద కాగితం దూరుతుందో చూసి, మిగిలిన కాళ్లని ఉప్పుకాగితంతో రుద్దాం. గంట పట్టింది. నాన్న ఫోన్‌లో, గోడకి ఆనించి, గంటసేపూ ఉన్నాడు. మధ్యలో ఇద్దరూ నన్ను మర్చిపోయి ఎవరో పాత వార్నిష్ కొట్టువాడి పిసినారితనం చెప్పుకుని నవ్వుకున్నారు.

మళ్లీ రామచంద్రపురం

తిరుగు రైల్లో కుర్చీ విప్పలేదు. ఎవరెంత అడిగినా ఇవ్వలేదు. గయ్యాళి అనుకున్నారు. అనుకోనీ.

మంగళవారం పొద్దున్న నాన్నా నేనూ డాక్టరమ్మగారింటికి వెళ్లాం. కుర్చీని ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోట పెట్టి, పాతదాన్ని పక్కకి జరిపాం. డాక్టరమ్మగారు పేపరు చదువుకుంటూ వచ్చి కూర్చున్నారు. వంటావిడ ఇడ్లీలు పెట్టింది. నాన్న తలుపు పక్కన తువ్వాలు రెండు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. నేను ఆవిడ మడమలే చూస్తున్నాను.

మొదటి ఇడ్లీ అయింది. పేపరు తిప్పారు. రెండో ఇడ్లీ అయింది. చట్నీ అడిగి ఇంకొంచెం వేయించుకున్నారు. ఒక కాలు చెప్పులోంచి తీసి నేల మీద పెట్టి, బొటనవేలు ఆడించుకుంటూ సంపాదకీయం చదివారు. నాన్న తువ్వాలు ముడి పడిపోయింది.

చివరికి వంటావిడే ఉండబట్టలేకపోయింది. "కుర్చీ ఎలా ఉందో చెప్పండమ్మా, ఆయన అప్పట్నుంచీ అలాగే నిలబడి ఉన్నాడు."

డాక్టరమ్మగారు పేపర్లోంచి తల ఎత్తారు.

"ఏ కుర్చీ?"

నాన్న గబగబా వాకిట్లోకి వెళ్లిపోయాడు. నేను వెళ్లేసరికి గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంటున్నాడు.

తర్వాతి వారం కాలవ గట్టు బంగళాకి వెళ్లాం. తలుపులన్నీ దుమ్ము, కిటికీల్లో పిచ్చుకలు. నాన్న మొదటి గుమ్మం ముందు నిలబడి టేపు లాగాడు. పెదాలు కదులుతున్నాయి. సగంలో ఆపేసి, టేపు నా చేతికిచ్చాడు. తర్వాత రంపం కూడా ఇచ్చాడు.

"దొర కొలతలు నువ్వు తియ్యి, నువ్వే కొయ్యి. నేను తీస్తే నా చెయ్యి ఊరుకోదు."